కాలవ గట్టు మీద ఉరుకు

తెల్లవారి ఐదు గంటలకు నంద్యాల జిల్లా రుద్రవరం పక్కన తెలుగుగంగ కాలవ గట్టు మీద నిలబడితే తూర్పున నల్లమల ఇంకా నల్లటి గీతలాగే ఉంటుంది. పొలాల మీదుగా తడిమట్టి వాసన వస్తుంది. ముందు ఊపిరి వినిపిస్తుంది, తర్వాత అడుగుల చప్పుడు, ఆ తర్వాతే మనుషులు కనిపిస్తారు. నలుగురైదుగురు కుర్రాళ్లు. గీత దగ్గర నిలబడ్డవాడి చేతిలో సెల్‌ఫోను, దాని తెర మీద సెకన్లు గిర్రున తిరుగుతుంటాయి. చివరి యాభై మీటర్లు పళ్లు బిగించి ఉరుకుతారు. గీత దాటగానే ఇద్దరు మోకాళ్ల మీద చేతులానించి వంగిపోతారు. ఒకడు గట్టు దిగి పోయి కక్కుకుంటాడు. "ఎంతొచ్చిందిరా?" "ఏడూ యాభై." ఆ మాట వినగానే కక్కుకున్నవాడి ముఖం కూడా వెలుగుతుంది.

వాళ్లు వెళ్లిపోయాక నాలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు వస్తారు. నలభై దాటినవాళ్లం, షుగరు రిపోర్టు చేతికొచ్చాక బూట్లు కొన్నవాళ్లం. కిలోమీటరుకు ఎనిమిది నిమిషాలు పడుతుంది మాకు. మాట్లాడుకుంటూనే ఉరుకుతాం.

రెండేళ్ల కిందట మడికి నీళ్లు కట్టడానికి వచ్చిన ఒక పెద్దాయన పార భుజాన పెట్టుకుని మమ్మల్ని ఆపాడు. "యాడికప్పా పొద్దున్నే ఈ ఉరుకులు? ఎవరన్నా తరుముకొస్తాండారా?" ఎగతాళికి కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. ఏదో చెప్పి ముందుకు సాగాను గానీ, ఆ జవాబు నాకే ఆనలేదు. పరుగు మంచిదేనా, మా ఊళ్లలో దీనికి చోటుందా, ఏడాదికి నాలుగుసార్లు టౌనుల్లో పెట్టే ఈ పరుగు పోటీల వల్ల మేలెంత, కీడెంత అని అప్పటినుంచి తూచుకుంటూనే ఉన్నాను.

పెద్దాయన అడిగినట్టు ఆ కుర్రాళ్లను తరుముతున్నది ఒకటుంది. అది నోటిఫికేషను. మన రాష్ట్రంలో సివిల్ కానిస్టేబుల్ కావాలంటే మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడపిల్లలు 10 నిమిషాల 30 సెకన్లలో ముగించాలి. అగ్నివీర్ ర్యాలీలో అంతే దూరాన్ని 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగించినవాడికే పూర్తిగా 60 మార్కులు. ఫారెస్ట్ బీట్ ఆఫీసరుకు ఉరకనక్కర్లేదు, నడిస్తే చాలు. కానీ నాలుగు గంటల్లో మగవాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడవాలి. రుద్రవరంలో అటవీ రేంజి ఆఫీసు ఉంది కాబట్టి ఆ ఖాకీ చొక్కా మా పిల్లల కళ్ల ముందే తిరుగుతుంటుంది. డిగ్రీ చదివి, రెండెకరాల మెట్టను నమ్ముకోలేని పిల్లవాడికి ఆ ఎనిమిది నిమిషాలు జీవితమంతా మార్చగలిగినవి. వాణ్ణి నిలబెట్టి ఆరోగ్యం గురించి ఉపన్యాసం చెప్పడం నాకు తగదు.

అయినా ఈ పరుగులో ఒక అన్యాయం ఉంది. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషను వచ్చింది. 2023 జనవరిలో ప్రిలిమ్స్ రాశారు. దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది 2024 డిసెంబరు 30న. దాదాపు రెండేళ్లు. ఆ రెండేళ్లూ ఒంటిని పదునులో ఉంచుకోవడం ఎవరి వల్ల అవుతుంది? కొందరు బెంగుళూరు పోయారు, కొందరు హైదరాబాదులో డెలివరీ పనికి కుదిరారు. తేదీలు రాగానే సెలవు పెట్టి ఊరికొచ్చి, మానేసిన చోటునుంచి కాకుండా తాము ఒకప్పుడు అందుకున్న వేగం నుంచి మొదలుపెట్టారు. పది రోజులకే ముంగాలి ఎముక వెంబడి నొప్పి. బామ్ రాసుకుని, గుడ్డ కట్టుకుని మళ్లీ గట్టెక్కారు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో దారికొస్తాయి. ఎముక, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువు గట్టిపడడానికి నెలలు కావాలి. దమ్ము వచ్చింది కదా అని కాలు కూడా సిద్ధమైందనుకుంటే దెబ్బ అక్కడే తగులుతుంది.

ఇక రెండో రకం పరుగు. నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా అయ్యాక, ఇదివరకు కర్నూలులో జరిగే కార్యక్రమాలు ఇక్కడా మొదలయ్యాయి. అక్టోబరు 21న పోలీసు అమరవీరుల దినం, 31న సర్దార్ పటేల్ జయంతికి ఐక్యతా పరుగు, ఎయిడ్స్ మీద అవగాహనకు కాలేజీ పిల్లలతో రెడ్ రన్, ఈస్టరు ముందు రోజు రన్ ఫర్ జీసస్. రెండు కిలోమీటర్లయినా, ఐదయినా మర్నాటి పేపర్లో దాని పేరు మారథానే. అసలు మారథాను దూరం 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తించిన ఆ దూరాన్నే 1921లో ఖాయం చేశారు. పేరులో ఏముందిలే అనుకోవచ్చు. కానీ రెండు కిలోమీటర్లకు ఆ పేరు పెడితే రెండు నష్టాలున్నాయి. ఉరికినవాడు తాను చేసినదాన్ని ఎక్కువ అనుకుంటాడు. అసలైన దూరానికి ఎంత తయారీ కావాలో ఎవరికీ తట్టదు.

పరుగు వైపు చెప్పాల్సింది ముందు చెప్తాను, ఎందుకంటే నా ఒంటి మీద దాని సాక్ష్యం ఉంది. మొదటి నెల కాలవ తూము నుంచి తర్వాతి తూము దాకా కూడా ఉరకలేకపోయాను. డొక్కలో పోటు వచ్చేది. నాలుగో నెలకు ఐదు కిలోమీటర్లు ఆగకుండా పోయాను. మందు మానలేదు, మానాలని ఎవరికీ చెప్పను. కానీ మధ్యాహ్నం అన్నం తిన్నాక కళ్లు మూసుకుపోయే ఆ మత్తు పోయింది, రాత్రి నిద్ర పట్టింది. ఇంతకన్నా పెద్ద లాభం ఇంకొకటి. ఊళ్లో నాతో ఎన్నడూ కూర్చోని మనుషులతో ఉదయం గంటసేపు గడుపుతున్నాను. ఒకరు బడిపంతులు, ఒకరు ఎరువుల షాపు, ఒకరు ట్రాక్టరు మెకానిక్కు. పార్టీ మాట, కులం మాట గట్టు మీద రాదు. మా ఆళ్లగడ్డ ప్రాంతం కక్షల సంగతి తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదని నేను వేరే చెప్పనక్కర్లేదు.

దూరం మాకు కొత్త కూడా కాదు. అహోబిలం పారువేటలో స్వామి పల్లకి కనుమ నాడు బయల్దేరి, నలభై రోజులకు పైగా ముప్ఫైకి పైగా పల్లెలు తిరుగుతుంది. బోయీలు మోసే ఆ పల్లకి వెనక ఊరి నుంచి ఊరికి నడిచే జనాన్ని చిన్నప్పటినుంచి చూస్తున్నాం. ఉగాదికి ముందు కన్నడ భక్తులు ఆత్మకూరు, నాగలూటి, పెచ్చెరువు మీదుగా అడవిదారిన శ్రీశైలానికి నడిచిపోతారు. పాదాలు బొబ్బలెక్కి, ఆకులు కట్టుకుని మరీ నడుస్తారు. వాళ్లలో అరవై దాటిన ఆడవాళ్లుంటారు. రోజుకు పాతిక కిలోమీటర్లు మనిషి ఒంటికి అసాధ్యమని ఈ నేలమీద పుట్టినవాడెవడూ అనడు.

మహారాష్ట్రలో లతా భగవాన్ కరే సంగతి తెలుగువాళ్లకు కొంచెం ఎక్కువే తెలియాలి. బారామతి దగ్గర పొలం పనులు చేసుకునే ఆమె, అరవై దాటాక, భర్త వైద్యానికి డబ్బు కోసం 2013లో అక్కడి పరుగు పోటీలో దిగి, చీర కట్టు మీద, ఉత్తి కాళ్లతో మూడు కిలోమీటర్లు ఉరికి గెలిచింది. ఆమె మీద మరాఠీలో సినిమా తీసింది మన తెలుగువాడు నవీన్ దేశబోయిన. లతా కరేనే తన పాత్ర వేసింది. 67వ జాతీయ సినిమా అవార్డుల్లో దానికి ప్రత్యేక ప్రస్తావన దక్కింది. ఈ కథ చెప్పి "చూశావా, మనసుంటే చాలు" అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆమె గెలవగలిగింది దశాబ్దాల పాటు పొలాల్లో నడిచిన కాళ్లతో. ఆ కాళ్లు లేని మనిషి అదే మనసుతో దిగితే మోకాలో, గుండో మొరాయిస్తుంది. పైగా ఒక ఆడమనిషి మొగుడి స్కానింగు కోసం ఉరకవలసి రావడం మనం మురిసిపోవలసిన సంగతి కానే కాదు.

ఇప్పుడు పెద్దాయన వైపుకు వస్తాను. ఆయన మాటల్లో లేని వాదం ఆయన భుజం మీది పారలో ఉంది. రోజంతా నడుం వంచి పనిచేసే ఒంటికి ఉరుకెందుకు? పనిలేనివాడికే ఈ పని. ఆయన తరానికి ఇది నూటికి నూరుపాళ్లు నిజం. మడి దున్నిన రోజు ఆయన నడిచిన దూరం నేను వారమంతా ఉరికినా రాదు. కానీ ఇవాళ ఆయన కొడుకు ట్రాక్టరు మీద కూర్చుంటాడు, వరిని మిషను కోస్తుంది, పొలానికి బైకు మీద పోతాడు. తిండి మాత్రం తండ్రి తిన్నంతే తింటాడు, అది కూడా తెల్లబియ్యం. కొర్ర, సద్ద పోయి చాలా కాలమైంది. ఊళ్లోకి షుగరు వచ్చింది ఈ మార్పుల వెనకే. కాబట్టి ఆ వాదం ఒక తరానికి నిజమైనా తర్వాతి తరానికి ఒప్పదు.

కానీ ఒకచోట పెద్దాయన మాటే ఇప్పటికీ గెలుస్తుంది. పత్తి తీతకు, నాట్లకు, మినుము కోతకు పోయే ఆడవాళ్ల విషయంలో. పొద్దున నాలుగింటికి లేచి, ఇంటిపని ముగించి, ఆటోలో పదిహేనుమంది కూర్చుని పోయి, సాయంత్రం దాకా వంగి ఉండే మనిషిని "మీరు కూడా వచ్చి ఉరకండమ్మా, ఆరోగ్యం" అని పిలవడం ఆమె కష్టాన్ని చూడకపోవడమే. ఆమెకు కావలసింది నడుం చాపే వేళ, నెత్తురు పట్టే తిండి. పరుగు అందరికీ అనే నినాదం వినబడినప్పుడల్లా నాకు ఆ ఆటోలే గుర్తొస్తాయి.

తర్వాతి అభ్యంతరం మోకాళ్లది. "ఉరికితే గుజ్జు అరిగిపోతుంది" అని ఊళ్లో చెప్పనివాళ్లు లేరు. దీనిమీద 2017లో వచ్చిన ఒక విశ్లేషణ, అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసింది. తుంటి, మోకాళ్ల కీళ్లు అరిగినవాళ్లు సరదాకు ఉరికేవాళ్లలో 3.5 శాతం, కూర్చుని గడిపేవాళ్లలో 10.2 శాతం, పోటీల కోసం ఏళ్ల తరబడి గట్టిగా ఉరికేవాళ్లలో 13.3 శాతం. దీన్నిబట్టి నింపాదిగా ఉరికితే మోకాలికి హాని జరిగినట్టు కనపడదు. అతి చేస్తే మాత్రం కూర్చున్నవాడికన్నా ముందే అరగవచ్చు. ఊరి మాటలో సగం సత్యం ఉంది, ఆ సగం ఉద్యోగం కోసం ఉరికే కుర్రాళ్లకు వర్తిస్తుంది.

గుండె విషయం ఇంతకన్నా బరువైనది. అమెరికాలో 2000 నుంచి 2010 దాకా మారథాన్లు, హాఫ్ మారథాన్లు ఉరికిన 1 కోటి 9 లక్షల మందిని లెక్కలోకి తీసుకుని 2012లో ఒక అధ్యయనం వచ్చింది. 59 మందికి గుండె ఆగింది, 42 మంది చనిపోయారు. లక్షకు ఒకరైనా లేరు. ధైర్యం కలిగించే లెక్కే. కానీ దాన్ని తీసుకొచ్చి మన గ్రౌండ్‌లో పెట్టి "భయం లేదు" అనడానికి నాకు నోరు రాదు. అక్కడ ఉరికేవాళ్లు నెలలు తరబడి తయారైనవాళ్లు. దారి పొడుగునా అంబులెన్సులు ఉంటాయి. పడినవాణ్ణి కాపాడినవాటిలో ముఖ్యమైనది పక్కనున్నవాడు వెంటనే ఛాతీ నొక్కడమేనని అదే అధ్యయనం చెప్పింది. ఛాతీ నొక్కడం తెలిసినవాళ్లు మా మండలంలో ఎంతమంది?

2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుళ్లకు గంటలో 10 కిలోమీటర్ల పరుగు పెట్టారు. ఉక్కపోతలో జరిగిన ఆ పరీక్షల్లో పది మందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. తర్వాత ఆ దూరాన్ని అక్కడి ప్రభుత్వం తగ్గించింది. మన దగ్గర కూడా 2025 జనవరిలో, మచిలీపట్నంలో 1600 మీటర్లు ఉరికిన ఒక అభ్యర్థి కుప్పకూలి ప్రాణం వదిలాడు. చలికాలం ఉదయం, చిన్న దూరం. అయినా పోయాడు. ఆ వార్త వచ్చిన మర్నాడు గట్టు మీద ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. అందరూ చదివే ఉంటారు.

ఎండ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది నంద్యాల. వేసవిలో రాష్ట్రంలోనే ఎక్కువ వేడి నమోదయ్యే ఊళ్ల జాబితాలో ఏటా ఉంటుంది. ఉరికేటప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే మారుతుంది. చెమట ఆరితేనే ఆ వేడి దిగుతుంది. కాలవ పక్కన, వరి మడుల మధ్య, గాలిలో తేమ నిండిన ఉదయం చెమట కారుతుంది గానీ ఆరదు. వేడి లోపలే ఉండిపోతుంది. మాట తడబడ్డా, అడుగు తూలినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. అప్పుడు ముందు చల్లార్చాలి, తర్వాతే ఆసుపత్రికి. కాలవ నీళ్లు బకెట్లతో తెచ్చి ఒళ్లంతా పోయాలి, తడిగుడ్డ కప్పాలి, విసరాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఈ చివరి మాట నేను పుస్తకంలో మాత్రమే నేర్చుకోలేదు. కొన్నేళ్ల కిందట దగ్గర్లోని ఒక టౌనులో 5 కిలోమీటర్ల పరుగుకు వెళ్లాను. ఆరింటికి అన్నారు. ముఖ్య అతిథి కోసం ఆపి ఎనిమిది దాటాక జెండా ఊపారు. అప్పటికి రెండు గంటలుగా పిల్లలు ఎండలో వరుసల్లో నిలబడి ఉన్నారు. చాలామంది ఏమీ తినకుండా వచ్చారు. దారిలో ఎక్కడా నీళ్లు లేవు. మూడో కిలోమీటరు దగ్గర ఇంటరు చదివే ఒక అమ్మాయి నా ముందే తూలి కూలబడిపోయింది. వేపచెట్టు కిందికి మోసుకుపోయాం. చుట్టూ చేరినవాళ్లలో ఒకాయన ఆమె తల పైకెత్తి సీసాతో నీళ్లు నోట్లో పోయబోయాడు. మంచి మనసుతోనే. చేయి పట్టుకుని ఆపి, ఆ నీళ్లే తల మీద, మెడ మీద పోశాం. ఇరవై నిమిషాలకు కళ్లు తెరిచింది. "సార్, టీషర్టు ఇస్తారా నాకు? పూర్తి చేయలేదు కదా" అని అడిగింది. నేను ఇంటికొచ్చాక కూడా ఆ మాట చెవుల్లోంచి పోలేదు. ఆ టీషర్టు కోసమే ఆ పిల్ల వచ్చింది.

ఇంకా ఉన్నాయి అడ్డంకులు. కర్నూలు–కడప హైవే మీద ఉరకడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. అడవి వైపు పోదామంటే 2024 జూన్‌లో శిరివెళ్ల మండలం పచ్చర్ల దగ్గర కట్టెలకు పోయిన మహిళను చిరుత చంపిన సంగతి ఎవరూ మరవలేదు. ఉరికే మనిషిని చూసి మృగం వెంటపడే అవకాశం నడిచే మనిషికన్నా ఎక్కువ. అందుకని మాకు మిగిలేది ఊరి వైపున్న కాలవ గట్టు, హైస్కూలు గ్రౌండు. ఆడపిల్లలకు అదీ సగమే మిగులుతుంది. మా గట్టు మీద ఇద్దరు అమ్మాయిలు వస్తారు. ఒకమ్మాయి వెనక వాళ్ల నాయన టీవీఎస్ ఎక్సెల్ మీద లైటు వేసుకుని, బిడ్డ వేగానికి బండిని తగ్గించుకుంటూ వస్తాడు. మొదట్లో ఊళ్లో అన్న మాటలు ఆయన విన్నాడు. విని కూడా మర్నాడు లైటు వేసుకుని వచ్చాడు. పరుగు వైపు తక్కెడలో నేను వేసే అన్నిటికన్నా బరువైన రాయి ఆ లైటే.

డబ్బు మాట పొడిగించను. రెండు వేల రూపాయల బూట్లంటే కూలిమనిషికి నాలుగైదు రోజుల సంపాదన. ఉత్తి కాళ్లతో ఉరకొచ్చు కదా అంటారు. బక్సర్ నుంచి సైన్యంలోకి వచ్చిన శివనాథ్ సింగ్ ఉత్తి కాళ్లతో ఉరికి పేరు తెచ్చుకున్నవాడే, 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో మారథాను ముగించినవాడే. నిజమే. కానీ చిన్ననాటినుంచి చెప్పుల్లేకుండా తిరిగిన పాదానికి, బడికి బూట్లేసుకుని పోయిన పాదానికి తేడా ఉంది. కంకర పరిచిన గట్టు మీద రెండోది నిలవదు.

హైదరాబాదులో ఏటా ఆగస్టులో మారథాను జరుగుతుంది. మా బడిపంతులు ఒకసారి 10 కిలోమీటర్లకు పేరు కట్టి, ఆళ్లగడ్డలో రాత్రి బస్సెక్కి, నిద్ర లేకుండా దిగి ఉరికి వచ్చాడు. జనం, చప్పట్లు, మెడలో పతకం చూసి ముచ్చటపడ్డాడు. కానీ ఆయన ఊరికి తెచ్చిన అసలు సంగతి వేరే. 2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్‌లాంటి బృందాలు పోటీకి నెలల ముందునుంచి జనాన్ని తయారుచేస్తాయని, కుర్చీలోంచి లేచినవాణ్ణి నడక, ఉరుకు కలిపి కొన్ని వారాల్లో 5 కిలోమీటర్ల దాకా తీసుకెళ్తాయని చెప్పాడు. అక్కడ పోటీ రోజు కోతలాంటిది. మన దగ్గర విత్తనం వేయకుండానే కోతకు పిలుస్తున్నారు.

ఇంతా తూచాక నా అభిప్రాయం ఇది. ఉరుకు మంచిదే, మాకు కావలసినదే. ఇప్పుడు జరుగుతున్న ఒక్కరోజు పరుగుల్లో చాలావాటిని మాత్రం ఇలాగే జరిపేకంటే మానుకోవడం మేలు. పెట్టదలిస్తే నవంబరు, జనవరి మధ్య పెట్టాలి, ఆరింటికంటే ఆరింటికే జెండా ఊపాలి, అతిథి వచ్చినా రాకపోయినా. కిలోమీటరున్నరకు ఒకచోట నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ ఉండాలి. నీళ్లు కూడా దాహమైనంతే. అతిగా తాగినా రక్తంలో ఉప్పు పలచబడి ప్రమాదమని బోస్టన్ మారథానులో 488 మందిని పరీక్షించిన డాక్టర్లు 2005లో తేల్చారు, వాళ్లలో 13 శాతం మందికి ఆ లక్షణం ఉంది. అన్నిటికన్నా ముందు, ఎనిమిది వారాల ముందునుంచి అదే గ్రౌండ్‌లో వారానికి మూడు రోజులు ఎవరో ఒకరు పిల్లలతో ఉండాలి. మాట్లాడుకుంటూ ఉరకగలిగే వేగంలోనే ఎక్కువ భాగం ఉరికించాలి. నెలలు ఇలా గడిచాకే గడియారం చేతిలోకి తీసుకోవాలి.

బహుమతుల గురించి కూడా. మొదటి ముగ్గురికి కప్పులు, మిగతా అందరికీ టీషర్టు అనే పద్ధతి వల్ల నాలుగోవాడు మళ్లీ రాడు. లండన్‌లో 2004లో ఒక పార్కులో పదమూడుమందితో మొదలైన పార్క్‌రన్ అనే వారాంతపు 5 కిలోమీటర్ల పరుగు ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. ఫీజు లేదు, కప్పులేదు. ప్రతి ఒక్కరి టైమూ రాసి ఉంచుతారు. అందరికన్నా వెనక ఒక వాలంటీరు నడుస్తాడు, ఎవరూ చివరివాళ్లు కాకుండా. దీనికి ప్రభుత్వం అక్కర్లేదు, చందా అక్కర్లేదు. ఒక నోటుబుక్కు, ఒక పెన్ను, ఒక ఫోను చాలు. మేము గత చలికాలం నుంచి ఆదివారాలు ఆ నోటుబుక్కు పెట్టాం. రాసిన పేర్లు పద్దెనిమిది దాటలేదు. అయినా వాళ్లలో పదకొండుమంది మళ్లీ మళ్లీ వస్తున్నారు.

నాకు ఇంకా తేలని ప్రశ్న ఒకటుంది. ఉద్యోగం వచ్చినవాడూ ఉరకడం మానేస్తున్నాడు, రానివాడూ మానేస్తున్నాడు. వచ్చినవాడికి అవసరం తీరింది. రానివాడికి గట్టును చూస్తేనే కడుపులో తిప్పినట్టవుతుంది. ఎనిమిది నిమిషాల గండం కోసం మొదలైన ఉరుకు మనిషికి జీవితకాలం తోడుగా ఎలా మారుతుందో నాకు తెలిసిన దారి లేదు. వాళ్లను మాతో కలిపి ఆదివారాలు నెమ్మదిగా ఉరికించాలని చూశాం. "మీ స్పీడులో ఉరికితే మా టైమింగు పోతాదన్నా" అన్నాడొకడు. వాడి భయం నాకు అర్థమైంది.

అన్నట్టు, ఆ ఏడూ యాభై. కిందటి సంక్రాంతి ముందు నాకు ఎందుకో అనుమానం వచ్చి, 1600 మీటర్లు ఎలా కొలిచారని అడిగాను. బైకు మీటరు చూసి గీతలు పెట్టామన్నారు. ఇది విన్న పెద్దాయన, ఆ పార ఆయనే, మర్నాడు తెల్లవారేసరికి ముప్ఫై మీటర్ల టేపుతో గట్టు మీద ఉన్నాడు. పొలం తగాదాల్లో కొలతలు వేయించీ వేయించీ ఆయనకు టేపు మీద తప్ప దేనిమీదా నమ్మకం లేదు. ఒక కొస నేను పట్టుకున్నాను, ఒక కొస ఆయన. ప్రతి ముప్ఫైకి ఒక కుర్రవాడు సున్నంతో చుక్క పెట్టాడు. యాభై మూడు టేపులు, ఆపైన పది మీటర్లు. పాత గీత దాటి ఇంకా రెండు టేపులు పోవాల్సి వచ్చింది. అరవై మీటర్లు తక్కువ ఉరుకుతున్నారు ఇన్నాళ్లూ.

కొత్త గీత దగ్గర పెద్దాయన ఒక రాయి పాతి, దానికి సున్నం పూశాడు. కుర్రాళ్లు బయల్దేరారు. ఫోను ఈసారి ఆయన చేతిలోనే ఉంది, ఎక్కడ నొక్కాలో ముందే రెండుసార్లు చూపించుకున్నాడు. మొదటివాడు రాయి దాటాడు. ఆయన నొక్కి, తెరను దూరంగా పెట్టుకుని చదివాడు.

"ఎనిమిదీ పది. పది సెకన్లు ఎక్కవొచ్చింది నాయనా," అన్నాడు. "రేపు గూడా వస్తాలే. నీళ్లు కట్టేది ఎట్లా ఉండనే ఉండాది."